కూలిగా కొలిచిన పప్పు

వైద్య విద్యార్థుల పాఠ్యపుస్తకాల్లో ఒక జబ్బు ముదిరే తీరును చేతికర్రలతో లెక్కగట్టారు. మొదటిది కర్ర అక్కర్లేని దశ. మనిషి బిగదీసుకుపోయిన కాళ్లతో, మడమలు నేలకు సరిగా ఆనకుండా, కుదుపు కుదుపుగా నడుస్తాడు. తర్వాత ఒంటి కర్ర దశ. మోకాళ్లు వంగుతాయి, ఒక కాలు రెండో కాలికి అడ్డం పడుతూ ఉంటుంది. ఆపైన రెండు కర్రల దశ. చివరిది పాకే దశ. అప్పటికి మోకాళ్లు ఒంటి బరువు మోయలేవు, చేతుల మీద బరువు వేసి నేల మీద దేకాల్సిందే. ఈ మెట్లు దిగేది ముసలివాళ్లు కాదు. ఎక్కువగా 15 నుంచి 45 ఏళ్ల లోపు మగవాళ్లు. నాగలి పట్టేవాళ్లు, మోపులెత్తేవాళ్లు.

జబ్బు పేరు లాథిరిజం. దీన్ని ప్రపంచంలో ఎక్కడెక్కడో చూశారు గానీ, మన దేశంలో దీని పేరెత్తితే డాక్టర్లకు మొదట గుర్తొచ్చేది మధ్యప్రదేశ్ ఈశాన్య మూలనున్న రేవా. 1958లో చేసిన సర్వేలో ఆ ఒక్క జిల్లాలోనే సుమారు 25 వేల మంది ఈ జబ్బుతో ఉన్నారని తేలింది. అప్పటికి జిల్లా జనాభా ఆరు లక్షల పైచిలుకు. అంటే పాతికమందిలో ఒకరు. పక్కనున్న సత్నాలోనూ ఇదే బాధ. ఆ లెక్కలో పిల్లల్నీ ఆడవాళ్లనూ ముసలివాళ్లనూ పక్కన పెట్టి, పొలం పనికి వెళ్లే మగవాళ్లను మాత్రమే చూస్తే ఆ పల్లెల్లో ఏం జరిగిందో తెలుస్తుంది.

కారణం ఏ క్రిమో, ఏ దోమో కాదు. ఒక పప్పు. హిందీలో ఖేసారీ అంటారు, ఛత్తీస్‌గఢ్ వైపు తివ్డా. మనకు కేసరి పప్పు, లంక పప్పు.

ఈ పంట గురించి ముందు మంచే చెప్పాలి, లేకపోతే జనం దాన్ని ఎందుకు వదల్లేదో అర్థం కాదు. కృష్ణా డెల్టాలో వరి కోతకు ముందే తడి నేల మీద మినుములు చల్లుతారు కదా, ఛత్తీస్‌గఢ్‌లోనూ బిహార్‌లోనూ ఇంకా వరి కొయ్యకముందే అలాగే తివ్డా గింజలు చల్లుతారు. దాన్ని ఉతేరా సాగు అంటారు. దున్నక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు, నీరు కట్టక్కర్లేదు. వాన మొహం చాటేస్తే ఓర్చుకుంటుంది, నీళ్లు నిలిస్తే కూడా ఓర్చుకుంటుంది. లేత ఆకు కూరకు పనికొస్తుంది, చొప్ప పశువులకు పనికొస్తుంది. గింజలో మాంసకృత్తులు పావు వంతుకు పైనే. చేతిలో రూపాయి లేని రైతుకు ఇంతకంటే నమ్మకమైన పంట ఇంకొకటి దొరకదు. మిగతావన్నీ ఎండిపోయిన ఏడాది కూడా ఇది పచ్చగానే నిలబడుతుంది.

చిక్కంతా అక్కడే. కరువు ఏడాది తినడానికి ఇదొక్కటే మిగులుతుంది. నీటి ఎద్దడికి గురైన మొక్క గింజల్లో విషం పాలు మామూలుకంటే పెరుగుతుంది కూడా. ఇంకో తిండి లేని రోజుల్లోనే ఈ తిండి మరింత చెడ్డదవుతుంది.

ఆ విషం ఒంట్లో ఏం చేస్తుందో కాస్త వివరంగా చెప్పుకోవాలి. మన కాలు కదలాలంటే రెండు అంచెల నాడీకణాలు పనిచేయాలి. వీటిని చాలక నాడీకణాలు, మోటార్ న్యూరాన్లు అంటారు. పై అంచె కణాలు మెదడులో ఉంటాయి. కాళ్లకు సంబంధించినవి సరిగ్గా నడినెత్తి కింద, మెదడు రెండు సగాలు కలిసేచోట ఉంటాయి. అక్కడి నుంచి ఒక్కో కణం పొడవాటి పోగు ఒకటి వెన్నుపాము లోపలినుంచి నడుము దాకా దిగుతుంది. కింది అంచె కణాలు వెన్నుపాములోనే ఉంటాయి. వాటి పోగులు బయటికొచ్చి నేరుగా కండరాన్ని చేరతాయి. పోలియో వైరస్ చంపేది ఈ కింది అంచెను. అందుకే పోలియో సోకిన కాలు వేలాడిపోతుంది, సన్నబడిపోతుంది. కేసరి పప్పు దెబ్బ పై అంచె మీద.

పై అంచె కణం పని కండరాన్ని కదలమని చెప్పడం ఒక్కటే కాదు, బిగువు వదలమని చెప్పడం కూడా. ఆ కణం పోతే కండరం బతికే ఉంటుంది, కింది నాడీకణమూ బతికే ఉంటుంది, అయినా అదుపు చేసేవాడు ఉండడు. పిక్కలూ తొడలూ ఎప్పుడూ బిగుసుకునే ఉంటాయి. తొడలు లోపలికి లాక్కుపోయి, అడుగు వేస్తే మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకుంటాయి, మునివేళ్ల మీద నడవాల్సి వస్తుంది. కాలు సన్నబడకపోవడం వల్ల దూరం నుంచి చూసేవాళ్లకు ఆ మనిషి ఒళ్లు గట్టిగానే ఉన్నట్టు కనబడుతుంది. చేతుల్లో బలం ఉంటుంది. మాట, జ్ఞాపకం, చూపు చెక్కుచెదరవు. పాదానికి ముల్లు గుచ్చుకుంటే నొప్పి కూడా తెలుస్తుంది. కాలు వెనక్కి తీసుకోవడమే కష్టం.

ఆ పని చేసే పదార్థం పేరు పొడుగైనది, అందరూ పొట్టిగా ఓడాప్ అంటారు. మెదడులో ఒక కణం పక్క కణాన్ని ఉత్తేజపరచడానికి గ్లుటమేట్ అనే రసాయనాన్ని విడుదల చేస్తుంది. ఓడాప్ అణువు నిర్మాణం దానికి దగ్గరగా ఉంటుంది. కాబట్టి గ్లుటమేట్ అందుకోవాల్సిన చోట ఇది అతుక్కుని కణాన్ని ఆగకుండా రెచ్చగొడుతుంది. అదుపు లేకుండా రేగిన కణం చివరికి చచ్చిపోతుంది. పోయిన చాలక నాడీకణం మళ్లీ పుట్టదు. ఈ జబ్బుకు తిరుగుడు లేదన్నది అందుకే. తిండి మారిస్తే ముదరడం ఆగుతుంది, పోయింది మాత్రం రాదు. కండరాల బిగువు తగ్గించే మందులు, వ్యాయామం, కొందరికి మడమ స్నాయువు (టెండన్) సాగదీసే ఆపరేషన్ కొంత ఊరటనిస్తాయి, అంతే.

ఇక్కడో సంగతి నొక్కి చెప్పాలి. ఈ పప్పు నోట్లో పెట్టగానే ఎవరికీ కాళ్లు పోవు. రోజువారీ తిండిలో మూడో వంతు దాకా ఇదే ఉండి, అలా రెండు నుంచి ఆరు నెలలు గడిస్తే ప్రమాదం. గోధుమ, బియ్యం, పాలు లాంటివి సరిపడా తినేవాళ్లకు వాటిలోని గంధకం కలిసిన అమైనో ఆమ్లాలు కొంత రక్షణనిస్తాయి. భూస్వామి ఇంట్లోనూ ఈ పప్పు ఉండేది, కాకపోతే ఆయన కంచంలో అది రొట్టె పక్కన ఓ గరిటెడు. ఆయన పాలేరు కంచంలో అదే రొట్టె, అదే పప్పు, దాని ఆకే కూర.

రెండు కంచాల మధ్య ఈ తేడా ఎలా వచ్చింది? రేవా ప్రాంతంలో హల్వాహా అనేవాడు ఉండేవాడు. అంటే నాగలి దున్నేవాడు. ఆంధ్రలో పాలేరు, తెలంగాణలో జీతగాడు అన్నట్టు. ఎక్కువమంది దళితులు, కోల్ ఆదివాసులు. పెళ్లికో చావుకో చేసిన అప్పు కింద ఒక ఇంటికి కట్టుబడి, కొడుకులను కూడా ఆ అప్పులోనే పెంచేవాడు. జీతం డబ్బు కాదు, గింజలు. గోధుమలకూ శనగలకూ సంతలో ధర వస్తుంది కాబట్టి అవి బళ్లకెక్కేవి. ధర పలకని ఖేసారీ కూలి కింద కొలిచేవారు. హల్వాహా ఏ ధాన్యం తినాలో ఎంచుకునే స్వేచ్ఛ ఆ ఇంటి గడప దగ్గరే ఆగిపోయేది. మనిషి కాళ్లు బిగుసుకోవడం మొదలయ్యాక నాగలి పట్టలేడు. నాగలి పట్టలేని హల్వాహాకు గింజలు కూడా కొలవరు.

అందుకే ఇది విత్తనం జబ్బు అనడానికి నాకు నోరు రాదు. ఇది కూలి జబ్బు. విషం గింజలో ఉంది, నిజమే, కానీ మెదడులో నడినెత్తి కిందున్న ఆ కణం దాకా దాన్ని చేర్చింది అప్పు, కట్టుబానిసత్వం, గింజల కూలి.

ఎవరికీ తెలియక జరిగిందా అంటే, లేదు. 16వ శతాబ్దంలో భావమిశ్రుడు రాసిన భావప్రకాశం అనే ఆయుర్వేద గ్రంథంలోనే త్రిపుట అనే ఈ ధాన్యం మనిషిని కుంటివాణ్ణి చేస్తుందని ఉంది. థగ్గులను అణచిన అధికారిగా పేరుపడ్డ స్లీమన్, 1844లో అచ్చయిన తన పుస్తకంలో సాగర్ జిల్లా పల్లెల సంగతి రాశాడు. 1829లో వడగళ్లు, మరుసటి ఏడు వానల్లేకపోవడం, ఆ తర్వాత తెగులు. వరసగా మూడేళ్లు గోధుమ పోయింది, తియోరీ అనే ఈ పంట మాత్రం ఏపుగా పెరిగింది. జనం దాని మీదే బతికారు. 1833లో ముప్ఫై ఏళ్లూ అంతకు లోపు వయసువాళ్లకు నడుము కింద పడిపోవడం మొదలైందని ఆయన నమోదు చేశాడు. 1850ల చివర్లో ఇర్వింగ్ అనే డాక్టరు, రేవాకు ఉత్తరాన యమున ఈవలనున్న అలహాబాద్ జిల్లా పల్లెల్లో ఇదే చూసి రాశాడు. 1896 కరువు తర్వాత సెంట్రల్ ప్రావిన్సెస్‌లో పెరిగిన కేసుల మీద బ్యుకానన్ అనే డాక్టరు ఏకంగా ఒక ప్రభుత్వ నివేదికే తయారుచేశాడు, అది 1904లో అచ్చయింది. ఇంత రాసిపెట్టుకుని, ఇంకో యాభై ఏళ్ల తర్వాత రేవాలో 25 వేల మందిని లెక్కపెట్టారు. లెక్కలు అచ్చులోకి ఎక్కుతూనే ఉన్నాయి, హల్వాహా ఇంటికి పోయే గంపలో మాత్రం అదే ధాన్యం.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో జరిగిన ఒక సంఘటన దీని పక్కన పెట్టి చూడాలి. 1942లో రొమేనియా పాలకులు, ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉన్న వాప్నియార్కా శిబిరంలో యూదు ఖైదీలకు పశువుల దాణాగా వాడే ఈ గింజలే రోజూ ఉడికించి పెట్టారు. కొన్ని వారాల్లోనే కాళ్లు బిగుసుకుపోవడం మొదలైంది. ఖైదీల్లోనే ఉన్న ఆర్థర్ కెస్లర్ అనే డాక్టరు అది ఏమిటో గుర్తుపట్టాడు. ఖైదీలు ఆ తిండి ముట్టబోమని ఎదురుతిరిగారు, అధికారులు చివరికి దాణా ఆపారు. అప్పటికే వందలమందికి కాళ్లు పోయాయి. బతికినవాళ్లను కెస్లర్ ఆ తర్వాత దశాబ్దాలపాటు చూస్తూనే వచ్చాడు. ముళ్లకంచె మధ్య ఉన్నవాళ్లు కూడా కలిసికట్టుగా ఆ గిన్నె తోసిపుచ్చగలిగారు. రేవాలో ఒక్కో హల్వాహా ఒక్కో ఇంటి అప్పులో విడివిడిగా ఉన్నాడు. ఆ గిన్నె వద్దంటే మరో గిన్నె లేదు.

ఈ కథలో మన హైదరాబాద్‌కు ఉన్న పాలు చిన్నది కాదు. 1964లో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ ఈ గింజనుంచి విషపదార్థాన్ని విడదీశారు. అదే ఏడాది ఢిల్లీలో టి.ఆర్. శేషాద్రి బృందం కూడా విడిగా అదే సాధించింది. ఆ శేషాద్రి అంతకుముందు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఏళ్లతరబడి రసాయనశాస్త్రం చెప్పినవారే. రావు ఆ తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం జీవరసాయన విభాగంలో పనిచేస్తూ జీవితమంతా ఈ అణువునే పట్టుకుని ఉన్నారు. ఇది తేలికగా లొంగే ప్రశ్న కాదు. పెద్ద ఎలుకల మీద ఆ పదార్థం పెద్దగా పనిచేయదు, రక్తంలోంచి మెదడులోకి దాన్ని సులువుగా పోనివ్వని అడ్డుగోడ ఒకటి ఉంటుంది. అప్పుడే పొదిగిన కోడిపిల్లల్లో ఆ గోడ ఇంకా గట్టిపడదు కాబట్టి వాటిలో మెడ వంకర్లు పోవడం, ఒళ్లు బిగుసుకోవడం కనబడింది. విషం ఉందని అలా పట్టుకున్నారు.

ఉస్మానియా పక్కనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చిన ఈ సంస్థలో సి. గోపాలన్ నాయకత్వంలో లాథిరిజం మీద పెద్ద పని జరిగింది. మధ్యప్రదేశ్ నుంచి గింజల నమూనాలు తెప్పించి ఏ రకంలో విషం ఎంతుందో కొలిచారు. ఇంట్లోనే విషం తీసే పద్ధతి కనిపెట్టారు. గింజలను వేడి నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోయాలి, లేదా ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చెయ్యాలి. ఓడాప్ నీళ్లలో కరుగుతుంది కాబట్టి చాలా భాగం వెళ్లిపోతుంది. శాస్త్రం ప్రకారం ఇది చక్కని పరిష్కారం. దాంతోపాటు కొన్ని బి విటమిన్లు కూడా పోతాయనుకోండి, అది వేరే సంగతి.

నా మనసులో ఎప్పుడూ మెదిలేది ఇంకో ప్రశ్న. ఆ నీళ్లు ఎవరు మోయాలి? పొద్దంతా పొలంలో వంగి వచ్చిన హల్వాహా భార్య, దగ్గర్లో లేని బావినుంచి నీళ్లు తెచ్చి, ఏరుకొచ్చిన పుల్లలతో ఒకసారి వేడిచేసి, పారబోసి, మళ్లీ ఉడికించాలి. ఆ గింజలను ఎక్కువగా పిండి పట్టించి రొట్టెలు చేసుకుంటారు, తడిపిన గింజ మళ్లీ ఎండితే తప్ప పిండి కాదు. ప్రయోగశాలలో తేలికైన పని ఆ వంటింట్లో ఎందుకు అడుగుపెట్టలేదో ఇంతకంటే చెప్పక్కర్లేదు. తప్పు ఆ శాస్త్రవేత్తలది కాదు, వాళ్లు తమ వంతు నిజాయితీగా చేశారు. ఒక పేద ఇంటి ఆడమనిషి శ్రమ మీద మొత్తం పరిష్కారాన్ని వదిలేసినవాళ్లది.

చట్టం కూడా ఇలాగే పక్కనుంచి పోయింది. 1961లో ఆహార కల్తీ నిరోధక నిబంధనల్లో 44-ఏ చేర్చి కేసరి గింజ, పప్పు, పిండి అమ్మకాన్ని నిషేధించారు. ఎప్పటినుంచి అమలు చేయాలో రాష్ట్రాలు నిర్ణయించుకోవచ్చు. ఎక్కడ ఎక్కువ పండిస్తారో, ఎక్కడ ఎక్కువ తింటారో ఆ రాష్ట్రాలే ఏళ్లతరబడి అమలు చేయలేదు. ఇంకా పెద్ద లోపం ఆ మాటలోనే ఉంది: అమ్మకం. హల్వాహా ఆ పప్పును ఎన్నడూ కొనలేదు. అది అతనికి కూలిగా వచ్చింది. అంగడి మీద నిఘా పెట్టిన చట్టానికి భూస్వామి గడప కనబడలేదు. పండించడం మీదైతే నిషేధమే లేదు. సాగు కొనసాగింది, పండిన పప్పు కందిపప్పులో, శనగపిండిలో కల్తీగా కలిసి దేశమంతా తిరిగింది. కందిపప్పు కొనేటప్పుడు పలకలుగా, గొడ్డలి మొనలా ఉన్న గింజలు కలిశాయేమో చూడమని మన దగ్గర ఆహార అధికారులు చెప్పే మాట వెనుక ఉన్నది ఈ పప్పే. కల్తీలో వచ్చే కొద్దిపాటి పప్పుతో మన కాళ్లు పోవు. మనం భయపడినంతగా భయపడాల్సిన అవసరం మనకు లేదు, భయపడాల్సినవాళ్ల దగ్గరకు ఆ నిషేధం వెళ్లలేదు.

మరి జబ్బు ఎలా తగ్గింది? తగ్గింది, అది సంతోషించాల్సిన సంగతి. 1976లో కట్టుబానిసత్వ నిర్మూలన చట్టం వచ్చింది. అమలు ఎంత కుంటుపడినా, అప్పు కింద మనిషిని కట్టేయడం నేరమన్న మాట ఊళ్లోకి చేరింది. కాలువలు, బోర్లు వచ్చినచోట గోధుమ పండింది. కూలి మెల్లగా రూపాయల్లోకి మారింది. రేషన్ బియ్యం, గోధుమలు ఇంటికి చేరాయి. పడుచువాళ్లు పనికోసం పట్నాలు పట్టారు. పప్పు కంచంలో మూడో వంతునుంచి ఓ గరిటెకు దిగింది. హైదరాబాద్ పోషకాహార సంస్థవాళ్లు ఈ మధ్యకాలంలో మహారాష్ట్రలోని గోండియా పల్లెల్లో ఇంటింటా తిరిగి చూసినప్పుడు వాడకమూ తగ్గింది, జబ్బూ అరుదైంది. మందు కనిపెట్టినందువల్ల కాదు, నిషేధం వల్ల కూడా కాదు. కూలీ చేతికి తనకు నచ్చిన గింజ కొనుక్కునే రూపాయి వచ్చినందువల్ల.

ఇప్పుడు ఆ నిషేధం ఎత్తేయాలన్న వాదన బలంగా ఉంది. మహారాష్ట్ర 2008లోనే ఎత్తేసింది. ఓడాప్ బాగా తక్కువగా ఉండే రతన్, ప్రతీక్, మహాతివ్డా అనే రకాలను శాస్త్రవేత్తలు తయారుచేశారు. భారత వైద్య పరిశోధన మండలి కమిటీ ఒకటి 2016 ప్రాంతంలో ఈ రకాలకు అనుమతి ఇవ్వవచ్చని సూచించింది. పప్పుల కొరత ఉన్న దేశంలో, నీళ్లు లేని మాగాణుల్లో రెండో పంటకు ఇంతకంటే మంచిది దొరకదన్న రైతు మాటలో నిజముంది. ఆ రైతు చిన్నవాడు, అతని మాట కొట్టిపారేయలేను. రకం మంచిదైతే పండించనివ్వాలి, దొంగతనంగా కల్తీకి అమ్ముకోవడం కంటే బాహాటంగా అమ్ముకోవడం మేలు.

కానీ కొన్ని సంగతులు ముందే తేల్చాలి. మంచి రకం గింజకూ పాత రకం గింజకూ చూపుకు తేడా తెలియదు. తేనెటీగలు పక్క పొలంనుంచి పుప్పొడి మోస్తాయి, నాలుగు పంటల తర్వాత విత్తనం కలగాపులగమవుతుంది. కరువు ఏడాది ఓడాప్ పెరుగుతుందన్నది కొత్త రకాలకూ కొంత వర్తిస్తుంది. కాబట్టి మార్కెట్ యార్డులో ప్రతి లాటునూ పరీక్షించే ఏర్పాటు లేకుండా అనుమతి ఇవ్వడమంటే నమ్మకం మీద ఇవ్వడమే. విత్తనం ఏటా కొత్తగా, సబ్సిడీ మీద, చిన్న రైతుకు అందాలి. కరువు ప్రకటించిన జిల్లాల్లో ఆ ఏడాది రేషన్ బియ్యం, గోధుమల కోటా పెంచాలి, అక్కడ ఈ పప్పు ఒక్కటే తిండిగా మిగిలే పరిస్థితి రాకూడదు. చవగ్గా దొరుకుతోందని బడి మధ్యాహ్న భోజనంలోకో, అంగన్‌వాడీ గిన్నెలోకో, కూలి బదులు ఇచ్చే ధాన్యంలోకో దీన్ని తేవడాన్ని రాతపూర్వకంగా నిషేధించాలి. 1961 నిబంధన వదిలేసిన ఆ ఒక్క మాట, కూలిగా ఇవ్వడం, ఈసారి చట్టంలో చేరాలి.

పాత బాధితుల్లో బతికున్నవాళ్లు ఇప్పుడు ముదుసలులు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను పేరుపెట్టి చెప్పింది. కుష్ఠు నయమైనవాళ్ల పేరుంది, యాసిడ్ దాడి బాధితుల పేరుంది. లాథిరిజం పేరు లేదు, చలన వైకల్యం అనే పెద్ద గంపలో వాళ్లు కలిసిపోతారు. పింఛను రావడానికి అది చాలవచ్చు. అయితే ఆ కాళ్లు ఎలా పోయాయో, ఎవరి గాదెలోని ధాన్యంతో పోయాయో ఆ కాగితం మీద ఎక్కడా ఉండదు. రేవా, సత్నాల్లో ఇంకా ఎంతమంది ఉన్నారో పల్లె పల్లెకూ వెళ్లి రాసుకోవడం పెద్ద పని కాదు, ఆశా కార్యకర్తలు నెల రోజుల్లో చేయగలరు. ఆ జాబితా తయారయ్యాక అందులోని ప్రతి ఇంటికీ ఫిజియోథెరపీ, బిగువు తగ్గించే మాత్రలు, మంచి చక్రాల కుర్చీ చేరాలి. నిషేధం ఎత్తేసే ఫైలు మీద సంతకం దానికి ముందు పడకూడదు.